రెండో రిసీవర్

మార్చి 4, మంగళవారం

కాలర్ మైకుల మాటను అందుకుని నా బోర్డుకి పంపే రెండో రిసీవర్ రిపేరు నుంచి వచ్చింది. షాపతను "కొత్తదానిలా చేసిచ్చాను మేడమ్" అన్నాడు. అతను ఏది తిరిగిచ్చినా కొత్తదానిలానే ఇస్తాడు, నెల తిరక్కుండా అది మళ్ళీ అతని దగ్గరికే వెళ్తుంది. థియేటర్‌లో నా బల్ల మీదున్న చిన్న స్పీకర్‌కి తగిలించి చూస్తే చెవులు చిల్లులు పడేలా అరిచింది. వెనక ఒక చిన్న స్విచ్ ఉంది. దాన్ని స్క్రూడ్రైవర్ కొసతో పక్కకి జరిపాక బుద్ధిగా పలికింది. తీసుకెళ్ళి ర్యాక్‌లో మొదటిదాని కింద బిగించేశాను. ర్యాక్ వెనక చెయ్యి పట్టదు, మోచెయ్యి గీసుకుపోయింది.

శనివారం నుంచి కొత్త నాటకం. తల్లీ కూతుళ్ళ గొడవ, ఆ రెండు పాత్రలే నాటకమంతా మొయ్యాలి. కూతురుగా కొత్తమ్మాయి. తల్లిగా ఇంకెవరు, వదినే. మా ఆయన అక్క ఉండగా మా ట్రూప్‌లో తల్లి వేషానికి మనిషిని వెతుక్కునే అవసరం డైరెక్టర్ గారికి ఎప్పుడూ రాలేదు.

ఈ రోజు కొత్తమ్మాయికి నన్ను పరిచయం చేసింది వదిన. "మా మరదలు. ఇక్కడ సౌండ్ అంతా తనే చూస్తుంది. తను మాట్లాడితే మాత్రం పక్కనున్నవాళ్ళకి కూడా వినపడదు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పెళ్ళయినప్పటి నుంచీ వింటున్న జోకే, నాకేం బాధ లేదు.

మార్చి 8, శనివారం

మొదటి షో అయింది. బాగానే అయింది.

మధ్యాహ్నం సౌండ్ చెక్‌లో కాస్త ఇబ్బంది. కొత్తమ్మాయి కాలర్ మైకు మొదటి రిసీవర్‌కి వస్తుంది, వదినది రెండోదానికి. కొత్తమ్మాయి మాట హాలంతా నిండుతోంది. వదిన మాట రెండో వరుస దాటడం లేదు. చివరి వరుసలో కూర్చున్న డైరెక్టర్ గారు చెయ్యి ఊపి "అమ్మ డైలాగు నా దాకా రావట్లేదు" అన్నారు. బ్యాటరీ మార్చాను. మైకును ఇంకాస్త పైకి జరిపి పిన్ను పెట్టాను. నా బోర్డు మీద ఆవిడ మాటను పెంచే గెయిన్ మీట చివరిదాకా తిప్పాను. అప్పటికీ తక్కువే, పైగా సర్రుమని రొద. రిసీవర్ల ముందు వెలిగే గీతలు చూస్తే ఇద్దరివీ సమానంగానే లేస్తున్నాయి. ఆ గీతలను పట్టుకుని కూర్చుంటే పని జరగదు.

బయట జనం వచ్చేస్తున్నారు. "ఏమిటమ్మా సంగతి?" అన్నారు డైరెక్టర్ గారు. హాల్లో వాళ్ళతో మాట్లాడ్డానికి నా బల్ల మీద ఒక మైకు ఉంటుంది. దాని బటన్ నొక్కి "మిషన్‌లో ఏం లేదు సార్. వదిన గొంతే కొంచెం తగ్గినట్టుంది" అన్నాను.

నోట్లోంచి అలా వచ్చేసింది. హాలు నాలుగు మూలలా వినపడింది. నిచ్చెన మీద లైట్లు బిగిస్తున్నతను పని ఆపి కిందికి చూశాడు. వదిన స్టేజీ మధ్యలో నిలబడి "అవునా?" అంది.

అబద్ధమేం చెప్పలేదు. నాకు ఎలా వినపడిందో అలా చెప్పాను.

మార్చి 9, ఆదివారం

పొద్దున నేను లేచేసరికే వదిన వంటింట్లో ఉప్పునీళ్ళు పుక్కిలిస్తోంది. నన్ను చూసి గ్లాసు పక్కన పెట్టింది.

"నిజంగా తగ్గిందా?" అని అడిగింది.

"కొంచెం వదినా."

"ఎప్పటి నుంచి?"

అది నేను ఆలోచించలేదు. "ఈ మధ్యే" అన్నాను. ఊరుకుంటే పోయేది, "వయసు కూడా ఉంది కదా" అని కలిపాను.

వదిన తలూపింది. ఈ ఇల్లు ఆవిడది. ఏ గిన్నె ఎక్కడుండాలో, కిటికీ ఎప్పుడు మూయాలో, మా ఆయన ఏ చొక్కా వేసుకోవాలో ఆవిడే చెబుతుంది. ఆవిడ నన్ను ఒక విషయం అడగడం, నేను చెప్పింది విని తలూపడం ఈ ఇంట్లో ఇదే మొదలు. వేడినీళ్ళు కాచి ఇచ్చాను. "మొదటి సీన్‌లో కొంచెం గట్టిగా ఎత్తుకోండి, పొట్టలోంచి లాగండి" అని కూడా చెప్పాను. సరేనంది.

సాయంత్రం షోలో గట్టిగానే ఎత్తుకుంది. ఆవిడ మంచి కోరే చెప్పాను.

మార్చి 12, బుధవారం

రిహార్సల్. నిజానికి ఇద్దరి మైకులూ ఒకరివి ఒకరికి మార్చి చూడాలి. మనిషితోపాటు తగ్గుదల కూడా మారితే అది గొంతుది. మారకపోతే రిసీవర్‌ది. పని నేర్చుకున్న మొదటి రోజే చెప్పే సంగతి. రేపు చూస్తాను.

మార్చి 13, గురువారం

కుదరలేదు.

మార్చి 16, ఆదివారం

నిన్న, ఇవాళ రెండు షోలూ అయ్యాయి. వదిన ప్రతి మాటా అరిచినట్టే పలుకుతోంది. కూతురి జుట్టు నిమురుతూ మెల్లగా అనాల్సిన మాటను కూడా తగాదాలా అంది. డైరెక్టర్ గారు నా బల్ల దగ్గరికి వచ్చి "అమ్మ మరీ గయ్యాళిలా వినపడుతోందమ్మా" అన్నారు. "మెల్లగా అంటే వినపడదు కదా సార్" అన్నాను. ఆయన నిట్టూర్చి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చాక మా ఆయన "అక్క గొంతుకేమైంది, బాగానే ఉందిగా" అన్నారు.

"నాలుగు గోడల మధ్య అందరి గొంతూ బాగానే ఉంటుంది. హాల్లో కూర్చుంటే తెలుస్తుంది" అన్నాను.

"నీకేం తెలుసురా సౌండ్ గురించి" అని తమ్ముణ్ణి వెక్కిరించింది వదిన. తర్వాత నా వైపు తిరిగి "ఇవాళ ఎలా ఉంది?" అని అడిగింది. రోజూ అడుగుతోంది. పరీక్ష రాసొచ్చిన పిల్లలా ముఖం పెట్టి అడుగుతుంది. నిన్నటికన్నా నయం అన్నాను. సంతోషపడింది.

మైకులు మార్చి చూడలేదు. వదిన మైకు తంతి ఆవిడ చీర లోపలి నుంచి కుట్టి ఉంది, ఊరికే విప్పించడం బాగుండదు.

మార్చి 19, బుధవారం

వదిన డైరెక్టర్ గారితో మాట్లాడింది. ఈ నెలాఖరు దాకానే తను వేస్తుందట. ఆ తర్వాత తల్లి వేషం కొత్తమ్మాయికి ఇచ్చి, కూతురికి ఇంకెవరినైనా చూసుకోమంది. "జనం ముందు చేతకానిదాన్నయ్యాక దిగడం కన్నా ముందే దిగితే మర్యాద" అంది. ఆ మాట అనేటప్పుడు నవ్వుతూనే ఉంది. చీర కొంగు మాత్రం వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

డైరెక్టర్ గారు నన్ను పక్కకి పిలిచారు. "నువ్వేమంటావమ్మా? చెవి నీదే కదా."

"వదిన ఆరోగ్యానికి అదే మంచిది సార్" అన్నాను.

మా ఆయన చాలాసేపు ఏమీ తినకుండా కూర్చున్నారు. అమ్మానాన్న పోయాక ఆవిడ నాటకాలు వేసి ఆయన్ని చదివించింది. స్టేజీ దిగితే అక్క ఏమైపోతుందోనని భయం. ఏమీ అయిపోరు, ఇంట్లో విశ్రాంతిగా ఉంటారు అన్నాను. ఆవిడ రోజంతా ఇంట్లోనే ఉంటే నా పరిస్థితేమిటని అప్పుడు తట్టింది.

మార్చి 22, శనివారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున కొత్తమ్మాయికి తల్లి వేషం రిహార్సల్. వదిన రాలేదు. కొత్తమ్మాయి వదిన చీర కట్టుకుంది. దానికి కుట్టి ఉన్న మైకుతోనే స్టేజీ ఎక్కింది. మొదటి మాట అంది. రెండో వరుస దాటలేదు. పాతికేళ్ళు కూడా లేని పిల్ల, రైల్వే ప్లాట్‌ఫారం మీద అరిస్తే బండి ఆగే గొంతు.

"ఏమ్మా, నీకు కూడా వయసొచ్చిందా?" అన్నారు డైరెక్టర్ గారు. అందరూ పగలబడి నవ్వారు.

ర్యాక్ వెనక్కి వెళ్ళి టార్చి వేసి చూశాను. రెండో రిసీవర్ వెనకున్న చిన్న స్విచ్. దానికి రెండు వైపులు. ఒక వైపు పెడితే వచ్చిన గొంతంతా బోర్డుకి పంపిస్తుంది. రెండో వైపు పెడితే అందులో చిటికెడే పంపిస్తుంది. ముందు వెలిగే గీతలు లోపలికొచ్చిన గొంతునే చూపిస్తాయి, బయటికి ఎంత పోతోందో వాటికి తెలియదు. మొదటి రిసీవర్ స్విచ్ పూర్తి వైపు ఉంది. రెండోది చిటికెడు వైపు ఉంది. దాన్ని అటు జరిపింది నేనే. నా చిన్న స్పీకర్‌కి చెవులు పోతున్నాయని జరిపి, మళ్ళీ వెనక్కి పెట్టకుండా బిగించేశాను.

అంటే వదిన గొంతు మొదటి రోజు నుంచీ నిండుగానే వస్తోంది. గీతలు చూపిస్తూనే ఉన్నాయి. నేను చూశాను కూడా.

స్విచ్ జరిపాను. కొత్తమ్మాయి గొంతు ఒక్కసారిగా హాలంతా మోగింది, బోర్డు మీద గబగబా తగ్గించాను. "ఏమైందమ్మా?" అని డైరెక్టర్ గారు.

"బ్యాటరీ సార్" అన్నాను.

వదిన అక్కడ లేదు. చెప్పడానికి అదే సమయం. అందరూ ఉన్నారు. బ్యాటరీ అన్నాను.

సాయంత్రం షోకి వదిన వచ్చింది. స్విచ్ బాగుచేశాక గెయిన్ ఉన్నచోటే ఉంచితే ఆవిడ గొంతు ఒక్కసారిగా ఉరుముతుంది, ఎందుకని అందరూ అడుగుతారు. అందుకని బోర్డు మీద కిందికి దించి పోయిన వారం ఎంత వినపడిందో ఇవాళ కూడా అంతే వినపడేలా పెట్టాను. షోకి కొంచెం చొప్పున పెంచుకుంటూ పోతే వారం పది రోజుల్లో గొంతు తిరిగొచ్చినట్టుంటుంది. ఉప్పునీళ్ళు పనిచేశాయనుకుంటారు. ఆవిడకి వేషం ఉంటుంది, నాకు పరువు ఉంటుంది. ఇందులో ఎవరికీ నష్టం లేదు.

ఎవరికీ నష్టం లేదు.

మార్చి 23, ఆదివారం

రెండో అంకంలో, కూతురిని గుమ్మం దాటొద్దని అడ్డుపడే చోట, వదిన గొంతు చీలిపోయింది. మాట మధ్యలో ఆగి గాలి మాత్రం వచ్చింది. ఆవిడ ఆగలేదు. మిగతాదంతా అదే గొంతుతో లాక్కొచ్చింది. జనం నటన అనుకుని చప్పట్లు కొట్టారు.

నిన్నటికన్నా ఇవాళ నేను కొంచెమే పెంచాను. పూర్తిగా పెంచి, "వదినా, ఇక అరవక్కర్లేదు" అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. నా బల్లకి, ఆవిడ మేకప్ గదికి మధ్య ఒక్క తలుపు.

మార్చి 24, సోమవారం

గొంతు డాక్టర్ దగ్గరికి మేం ముగ్గురం వెళ్ళాం. సన్నటి గొట్టంతో లోపలికి చూశారు. స్వరతంత్రులు వాచిపోయాయి, ఒకచోట బొబ్బలా లేచింది. మూడు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదట. గుసగుసలు అసలు వద్దు, దానివల్ల ఇంకా పాడవుతుందట. ఆ తర్వాత కూడా మునుపటి గొంతు పూర్తిగా వస్తుందని చెప్పలేమన్నారు.

"ఇంత గట్టి గొంతు పెట్టుకుని ఎందుకండీ ఇలా అరిచారు?" అని అడిగారాయన.

వదిన నా వైపు చూపించింది. బొంగురు గొంతుతో, మౌనం మొదలయ్యే ముందు ఆఖరి మాటగా, "గొంతు తగ్గుతోందని మా మరదలు ముందే కనిపెట్టింది డాక్టర్ గారూ. నేనే ఆలస్యంగా వచ్చాను" అంది.

డాక్టర్ గారు నన్ను మెచ్చుకున్నట్టు చూశారు. నేల చీలినా బాగుండు, చీలదు. మందులు రాయించుకుని వచ్చేశాం.

మార్చి 26, బుధవారం

డైరెక్టర్ గారికి చెప్పాను. స్విచ్ సంగతి, బ్యాటరీ అని బుకాయించిన సంగతి, అన్నీ. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

"ఇప్పుడు చెప్పి ఏం లాభమమ్మా" అన్నారు చివరికి. "ఆవిడ ఎలాగూ మాట్లాడకూడదు. కొత్తమ్మాయి బాగానే అందుకుంటోంది. చెబితే ఆవిడకి ఇంకా బాధ, ట్రూప్‌లో నీకూ కష్టం. కొన్నాళ్ళు ఊరుకో."

ఆయనే అన్నారు కదా.

మార్చి 27, గురువారం

ఊరుకున్నాను.

మార్చి 30, ఆదివారం

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. వదిన చప్పట్లు కొట్టి పిలుస్తుంది. ఒక్క చప్పట అయితే తమ్ముణ్ణి, రెండయితే నన్ను. రాసి చూపించమని మా ఆయన పలక తెచ్చిస్తే పక్కకి తోసేసింది. రాతలతో దెబ్బలాడితే మజా ఏముంటుందని సైగ చేసి నవ్వించింది. మా ఆయన నవ్వి నవ్వి, తర్వాత "ఈ మధ్య నీ గొంతు బాగా వినపడుతోందే" అన్నారు నాతో. ఆయన మామూలుగానే అన్నారు. నేను పలక తీసి లోపల పెట్టేశాను.

ఈ వారం షోలు ఆపారు కాబట్టి సాయంత్రం కొత్తమ్మాయి ఇంటికొచ్చింది. వదినే పిలిపించింది, వేషం నేర్పడానికి. మాట లేకుండా నేర్పుతోంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తన గుండె మీద చెయ్యి పెట్టి చూపిస్తోంది. గుమ్మం దగ్గర అడ్డుపడే చోట కొత్తమ్మాయి అరిచింది. వదిన వద్దని తలూపి, ఆ పిల్ల గడ్డం పట్టుకుని, పెదవులు కదిపి చూపించింది. మెల్లగా అనాలట. ఆ మాట మొదటి నుంచీ మెల్లగా అనాల్సిందేనట. తనేమో అక్కడే గొంతు చింపుకుంది.

వెళ్ళేటప్పుడు కొత్తమ్మాయి వాకిట్లో చెప్పులేసుకుంటూ "పెద్దమ్మ గొంతు పోయిందంటే నమ్మబుద్ధి కావట్లేదక్కా. నాటకం మొదలవ్వక ముందు రిహార్సల్లో నాకు చెవులు గింగిర్లెత్తేవి" అంది.

గేటు వేసి వచ్చాను.

ఏప్రిల్ 2, బుధవారం

చెప్పాను.

వదిన వంటింట్లో కింద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చున్నాను. స్విచ్ దగ్గర మొదలుపెట్టాను. మైకులు మార్చి చూడాల్సింది, చూడలేదన్నాను. ఎందుకు చూడలేదో అడుగుతున్నట్టు కనుబొమలు ఎత్తింది. సమయం కుదరలేదని అనబోయి ఆగాను. "చూడాలనిపించలేదు వదినా" అన్నాను. కొత్తమ్మాయి రిహార్సల్ సంగతి చెప్పాను. తెలిసిన తర్వాత కూడా రెండు షోలు మిమ్మల్ని అరవనిచ్చానని చెప్పాను.

ఆవిడ చేతులు ఆగాయి. కాసేపటికి మళ్ళీ కదిలాయి. గిన్నెలో ఉన్నవన్నీ ఒలిచేదాకా లేవలేదు. తర్వాత చేతులు కడుక్కుని తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. చప్పుడు కాకుండా వేసింది.

తిడితే బాగుండేది. తిట్టడానికి లేకుండా చేసిందీ నేనే.

ఏప్రిల్ 3, గురువారం

మా ఆయనకి చెప్పాను.

కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. "పొరపాటున స్విచ్ మార్చావు, మర్చిపోయావు. అది నాకు అర్థమవుతుంది" అన్నారు. "తెలిశాక కూడా బ్యాటరీ అన్నావు చూడు, అదే అర్థం కావట్లేదు."

నాకు అర్థమవుతోంది. ఆయనకి చెప్పలేకపోయాను.

ఏప్రిల్ 5, శనివారం

షోకి ముందు అందర్నీ స్టేజీ ముందు కూర్చోమన్నాను. డైరెక్టర్ గారు వద్దన్నట్టు చెయ్యి ఊపారు. వదిన గొంతులో లోపం లేదని, లోపం నాదని, నేను బిగించిన రిసీవర్‌దని చెప్పాను. బ్యాటరీ కాదని చెప్పాను. నా గొంతు అందరికీ వినపడింది. లైట్లతను తల దించుకున్నాడు. మేకప్ ఆవిడ "అయ్యో పెద్దమ్మా" అని ఏడ్చేసింది. అందరూ పక్కకి జరిగి నాకు దారిచ్చారు. బల్ల దగ్గరికి వెళ్ళి పని చేసుకున్నాను.

షో అయ్యాక కొత్తమ్మాయి వచ్చి, పెద్దమ్మ ఎప్పుడంటే అప్పుడు తిరిగి తల్లి వేషం ఆవిడదేనంది. డైరెక్టర్ గారు అక్కడే నిలబడి "ఆవిడ గొంతు వస్తే అలాగే" అన్నారు. నా వంక చూడలేదు.

ఏప్రిల్ 7, సోమవారం

వదిన రెండు చప్పట్లు కొట్టడం మానేసింది. ఏదైనా కావాలంటే తనే లేచి తీసుకుంటుంది.

ఏప్రిల్ 9, బుధవారం

ఇది కోపమో, డాక్టర్ గారు చెప్పిన మౌనమో తెలియడం లేదు. మా ఆయన్ని అడిగితే "నువ్వే కదా సౌండ్ చూసేది" అన్నారు. తర్వాత అలా అన్నందుకు బాధపడ్డారు. బాధపడక్కర్లేదన్నాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

ఉప్పునీళ్ళు కాచి వదిన గది బయట పెట్టాను. పుక్కిలించింది. గ్లాసు కడిగి బోర్లించింది.

ఏప్రిల్ 14, సోమవారం

గడువు అయిపోయింది. పొద్దున డాక్టర్ గారు వాపు తగ్గిందన్నారు, మెల్లగా మాట్లాడి చూడమన్నారు. వదిన "ఊ" అంది. "సరే" అంది. మా ఆయన కళ్ళు తుడుచుకుని "బాగుందక్కా, అచ్చం ఎప్పటిలానే ఉంది" అన్నారు. డైరెక్టర్ గారు ఫోన్ చేస్తే నాలుగు మాటలు మాట్లాడింది. ఆయన కూడా అద్భుతంగా ఉందన్నారట.

మా ఆయన ఆఫీసుకి వెళ్ళాక వదిన నన్ను పిలిచింది. చప్పట్లు కొట్టలేదు, పిలిచింది. నన్ను వీధి గుమ్మం దగ్గర నిలబెట్టి, తను వెనక గది దాకా వెళ్ళింది. అక్కడి నుంచి నాటకంలో గుమ్మం దగ్గరి మాట అంది. మొదట మెల్లగా, తర్వాత పై స్థాయిలో. మళ్ళీ ఒకసారి అంది. ఆ తర్వాత వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చుంది.

"చెప్పు. ఎలా ఉంది?"

"నన్ను అడక్కండి వదినా. మీ తమ్ముడు చెప్పారు కదా."

"వాడు బాగుందంటాడు. డైరెక్టరూ బాగుందంటాడు. వాళ్ళకి నేనంటే ఇష్టం, నేను కప్పలా అరిచినా బాగుందనే అంటారు." కాసేపు ఊపిరి తీసుకుంది. "నేనంటే నీకు పడదు. మొదటి నుంచీ పడదు, నాకు తెలుసు. అందుకే ఆ రోజు హాల్లో నువ్వు అంటే నమ్మాను. పడనిది కాబట్టి మొహమాటం లేకుండా నిజం చెబుతోందిలే అనుకున్నాను. ఇప్పుడు కూడా నువ్వే చెప్పాలి. ఈ గొంతు ఆ వేషానికి సరిపోతుందా?"

నాకు వదినంటే పడదు. ఇందాకటి నుంచీ వెనక పేజీలన్నీ తిరగేసి చూశాను. ఎవరూ చదవని ఈ పుస్తకంలో కూడా ఆ ముక్క ఎక్కడా రాసుకోలేదు. ఆవిడ మంచి కోసం అని మాత్రం రాసుకున్నాను.

సరిపోతుందని అనాలని ఎంత అనిపించిందో. ఆ మాట కోసమే ఈ మూడు వారాలూ బతికినట్టుంది. కింది స్థాయి బాగుంది, నిండుగా ఉంది. పైకి వెళ్ళే చోట విరుగుతోంది, విరిగాక గాలి వస్తోంది. మైకు పెట్టినా, ఏ స్విచ్ ఎటు జరిపినా ఆ విరుపు విరుపుగానే వినపడుతుంది. అది ఇప్పుడు రిసీవర్‌ది కాదు.

"సరిపోదు వదినా" అన్నాను. "ఇప్పుడు నిజంగానే తగ్గింది."

వదిన నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది. నేను కూడా తల దించుకోలేదు, కళ్ళు కారుతుంటే కారనిచ్చాను.

"ఆ రోజు చెప్పినప్పుడు నీ గొంతులో సంతోషం ఉంది" అంది చివరికి. "ఇప్పుడు లేదు. అయితే నిజమే అయ్యుంటుంది."

లేచి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది.